గుండె చుట్టూ నీరు తీశాక గడిచిన రెండు రాత్రులు: తిరుపతిలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి గుండె విభాగంపై సమీక్ష

మా అక్కయ్యకు గుండె చుట్టూ చేరిన నీటిని తీయించడానికి గడిచిన మార్గశిరంలో తిరుపతిలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో తొమ్మిది రోజులు ఉన్నాము. ఆ తొమ్మిది రోజుల్లో అక్కడి గుండె విభాగం మాకు చేసిన మేలును, చేయవలసి ఉండి చేయకుండా వదిలేసిన ఒక పనిని, రెండింటినీ రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఆసుపత్రి పేరు రాయడం లేదు. నేను ఎత్తి చూపబోయే లోపం ఆ ఒక్క భవనానికి పరిమితమైనది కాదని నా నమ్మకం. పేరు రాస్తే చదివేవారి దృష్టి పేరు మీదికి పోయి, విషయం పక్కకు తప్పుకుంటుంది. ఇటువంటి చికిత్స కోసం ఏ ఆసుపత్రికి వెళ్ళినా ఏమి అడగాలో, ఏ గంటల్లో కళ్ళు తెరుచుకుని ఉండాలో తెలియడమే ముఖ్యం.

నేను చిత్తూరులో జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెప్తాను. మా అక్కయ్యకు యాభై ఆరేళ్ళు. చంద్రగిరి దగ్గరి పల్లెలో బావగారితో కలిసి రెండు ఆవులను, ఎకరన్నర మడిని చూసుకుంటుంది. దసరా నుంచీ ఆమెకు పొడి దగ్గు, సాయంత్రమయ్యేసరికి పలచని జ్వరం, తిండి మీద అయిష్టత ఉండేవి. ఊళ్ళో వైద్యం చేసే ఆయన ఇచ్చిన మాత్రలతో రెండు నెలలు గడిచిపోయాయి. ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి ఆమె మంచం మీద పడుకోలేక, గోడకు దిండు ఆనించుకుని కూర్చుని ఉంది. పాదాలు వాచి ఉన్నాయి, మెడ నరాలు తాళ్ళలా పైకి తేలి ఉన్నాయి. "వెల్లకిలా పడుకుంటే ఊపిరాడ్డం లేదురా తమ్ముడూ, రాత్రంతా ఇట్లే కూర్చుంటా ఉండా" అంది. పొరుగాయన కారులో అప్పటికప్పుడు తిరుపతికి తీసుకువచ్చాము.

అత్యవసర విభాగం పనితీరును నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాను. అడ్వాన్సు కట్టారా లేదా అని అడగకముందే ఆమెను పడక మీదికి తీసుకున్నారు. రక్తపోటు 88/64, నాడి నిమిషానికి 126 ఉన్నాయి. అక్కడ ఉన్న యువ వైద్యుడు బీపీ పట్టీని చాలా నెమ్మదిగా వదులుతూ, ఆమె ఊపిరి లోపలికి పీల్చినప్పుడు పై సంఖ్య ఎంత పడిపోతున్నదో రెండుసార్లు చూశాడు. మామూలుగా ఆ తేడా 10 లోపే ఉంటుందని, ఈమెకు 20 దాటుతోందని, గుండె చుట్టూ ఏదో నొక్కుతోందన్న అనుమానానికి ఇది బలమైన ఆధారమని చెప్పాడు. ఇరవై నిమిషాలు కూడా గడవకముందే ధ్వని తరంగాలతో గుండెను తెర మీద చూపే ఎకో యంత్రం పడక దగ్గరికే వచ్చింది. తెర మీద గుండె నల్లటి నీటి గుంటలో ఈదుతున్నట్టు కనిపించింది. నీటి మందం 28 మిల్లీమీటర్లు. 20 దాటితేనే దానిని ఎక్కువ నీరుగా లెక్కిస్తారట. రక్తం నింపుకోవలసిన క్షణంలో గుండె కుడి గదుల గోడలు లోపలికి కుంగిపోతున్నాయి. ఈ స్థితిని వైద్యులు టాంపొనేడ్ అంటారు.

వృత్తిరీత్యా నాకు ఇక్కడ కొంత వివరించాలనిపిస్తోంది, ఎందుకంటే తరువాత జరిగినదంతా దీని మీదే ఆధారపడి ఉంది. గుండెను కప్పి రెండు పొరల సంచి ఒకటి ఉంటుంది. దాని పేరు పెరికార్డియం. ఆ పొరల మధ్య ఆరోగ్యవంతులకు కూడా 15 నుంచి 50 మిల్లీలీటర్ల దాకా ద్రవం ఉంటుంది. ఈ సంచి రబ్బరు బుడగ వంటిది కాదు, కొత్త తోలు సంచి వంటిది. ఒక్కసారిగా రక్తమో నీరో చేరితే సాగలేక, 200 మిల్లీలీటర్లకే గుండెను బిగించి ప్రాణం మీదికి తెస్తుంది. అదే నీరు వారాల తరబడి కొద్దికొద్దిగా ఊరితే సంచి సాగుతూ పోయి, లీటరు, ఒక్కోసారి అంతకు మించి కూడా పట్టుకుంటుంది. అయితే సాగడానికి ఒక హద్దు ఉంది. ఆ హద్దు దగ్గరికి వచ్చాక ఒక్క గుక్కెడు నీరు పెరిగినా ఒత్తిడి నిట్టనిలువుగా లేస్తుంది. అందుకే రెండు నెలలు దగ్గుతో తిరిగిన మనిషి రెండు రోజుల్లో మంచం పట్టింది. దీనికి తిరగేసిన నిజం కూడా అంతే ముఖ్యమైనది: అటువంటి సంచి నుంచి మొదటి 50, 100 మిల్లీలీటర్లు తీయగానే ఒత్తిడి అంతే నిట్టనిలువుగా పడిపోతుంది, రోగికి ప్రాణం లేచివస్తుంది. మిగతా నీరు తీయడంలో ఆ మొదటి క్షణంలో ఉన్న తొందర ఉండదు.

మా చిత్తూరు వైపు పెద్ద జబ్బు అనగానే వేలూరు గుర్తుకు వస్తుంది. బావగారు కూడా అదే అన్నారు. తిరుపతి నుంచి వేలూరు నూరు కిలోమీటర్లకు పైనే. "సార్, ఈ బీపీతో దారిలో ఏమైనా జరిగితే అంబులెన్సులో మేము చేయగలిగింది తక్కువ. ముందు నీళ్ళు తీసి ఒత్తిడి తగ్గిద్దాం, తరువాత మీరు ఎక్కడికైనా తీసుకువెళ్ళండి" అని పెద్ద డాక్టరు చెప్పారు. ఆయన మాటలో బలవంతం లేదు. ఆ సలహా సరైనదని నేను అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను. టాంపొనేడ్‌లో నీరు తీయడం వాయిదా వేయదగిన పని కాదు. ఇక ముందు రాయబోయేది చదివి ఎవరైనా నీరు తీయించుకోవడానికి భయపడితే, నేను రాసిన దానికి నేనే అపకారం చేసినవాణ్ణవుతాను.

సంతకాల దగ్గర ఈ సేవ తడబడింది. అంగీకార పత్రం నాలుగు పేజీలు, మొత్తం ఇంగ్లీషులో ఉంది. తెలుగు ప్రతి అడిగితే లేదన్నారు. కాగితాలు తెచ్చిన ఉద్యోగిని పేజీలు తిప్పుతూ సంతకం పెట్టవలసిన చోట్లు మాత్రం చూపించింది. నాకు ఇంగ్లీషు వచ్చు కనుక నిలబడి చదివాను. రక్తస్రావం, సూది గుండె గోడకు తగలడం, ఊపిరితిత్తికి రంధ్రం పడడం, గుండె లయ తప్పడం, చీము పట్టడం, మరణం, ఇవన్నీ వరుసగా ఉన్నాయి. నీరంతా సక్రమంగా బయటికి వచ్చి, సూది ఎక్కడా తగలకపోయినా, ఒత్తిడి తీరిన గుండె ఆ తరువాతి గంటల్లో బలహీనపడే అవకాశం ఉందన్న ఒక్క వాక్యం మాత్రం అందులో లేదు. నోటితో కూడా ఎవరూ చెప్పలేదు. బావగారికి చదువు రాదు. ఆయన వేలిముద్ర వేసి, నా ముఖం చూశారు. "ఏమీ కాదు బావా" అన్నాను. నాకు తెలిసినంతలో అది అబద్ధం కాదు.

నీరు తీసే పని నైపుణ్యంతో జరిగింది. ఎకో తెరను చూస్తూ, రొమ్ము ఎముక కింది నుంచి సూదిని పంపి, దాని వెంట సన్నని గొట్టాన్ని గుండె సంచిలోకి జార్చి, దాని రెండో కొసను ద్రవం పట్టే బయటి సంచీకి కలిపారు. పూర్వం ఈ పనిని గుడ్డిగా, చేతి అంచనాతో చేసేవారు. 1970ల చివర నుంచి ఎకో సాయం వచ్చాక ప్రమాదం చాలా తగ్గింది. నలభై నిమిషాల్లో 1,050 మిల్లీలీటర్ల ద్రవం, గడ్డి రంగుకు కొంచెం ఎరుపు కలిసినది, బయటికి వచ్చింది. గొట్టాన్ని అలాగే ఉంచి కట్టు కట్టారు. నన్ను లోపలికి పిలిచేసరికి రక్తపోటు 122/78కి వచ్చింది. మా అక్కయ్య రెండు వారాల తరువాత మొదటిసారి దిండు మీద తల వాల్చి పడుకుని ఉంది. "గుండె మీద నుంచి రోకలి తీసినట్టుంది రా" అంది. బయటికి వచ్చి బావగారికి చెప్తే ఆయన కొండ వైపు తిరిగి దండం పెట్టుకున్నారు.

ఆ సాయంత్రం ఏడున్నరకు మేమే ఒక పొరపాటు చేయబోయాము. ఆమె ఇడ్లీ తిన్నది, మాట్లాడుతోంది, నడుస్తానంటోంది. ఐసీయూకు రోజుకు పడే అద్దె చూసి, మామూలు గదికి మార్చమని నేనే అడిగాను. బిల్లింగు దగ్గరివాళ్ళు కూడా గది ఖాళీగా ఉందన్నారు, డ్యూటీ డాక్టరు పెద్ద డాక్టరుకు ఫోన్ చేయబోయాడు. అడ్డుపడింది ఐసీయూలోని సీనియర్ నర్సు. ఆమె గొంతు పెంచలేదు. "ఇన్ని నీళ్ళు ఒకేసారి పోయినాయి సార్. రెండు రాత్రులు మానిటర్ మీద ఉండనీండి. అమ్మ బాగున్నట్టు కనబడేది ఇప్పుడే, గుండెకు అలవాటు కావాల కదా" అంది. అప్పుడు ఆ మాట అర్థం కాక, అద్దె కోసం చెప్తున్నారేమోనని కూడా మనసులో అనుకున్నాను. ఆ అనుమానానికి ఆమెను తరువాత క్షమాపణ అడిగాను.

రాత్రి ఒంటిగంట నలభైకి ఐసీయూ తలుపు తెరుచుకుని మా పేరు పిలిచారు. అక్కయ్య లేచి కూర్చుని, రెండు చేతులూ పడకకు ఊత చేసి ఊపిరి కోసం పెనుగులాడుతోంది. దగ్గినప్పుడల్లా నోటి వెంట నురగ వస్తోంది. ఆక్సిజన్ శాతం 84, రక్తపోటు 86/58, నాడి 130. పొద్దున ఆసుపత్రికి తెచ్చినప్పటి అంకెలే మళ్ళీ వచ్చినట్టు అనిపించింది. మేనల్లుడు గొట్టం మూసుకుపోయి నీళ్ళు మళ్ళీ చేరాయన్నాడు. బావగారు సూది గుండెకు తగిలించి దాచిపెట్టారన్నారు. ఆ రెండు అనుమానాలూ సహజమైనవే. వైద్యులకు కూడా ముందుగా వచ్చేవి అవే.

నర్సు అప్పటికే ఎకో యంత్రాన్ని పిలిపించి ఉంచింది. డ్యూటీ డాక్టరు చూశాడు. సంచిలో నీరు మళ్ళీ చేరలేదు, రక్తం లేదు, గొట్టం సరైన చోటే ఉంది. మారినది గుండె. మధ్యాహ్నం ఎడమ జఠరిక, అంటే గుండె ఎడమ వైపు కింది గది, తనలోని రక్తంలో ప్రతి కొట్టుడుకూ 55 శాతాన్ని బయటికి తోస్తుంటే, ఇప్పుడు 25, 30 మధ్య తోస్తోంది. కుడి జఠరిక ఉబ్బి ఉంది. వెనక నిలిచిన రక్తం ఒత్తిడికి ఊపిరితిత్తుల్లోకి నీరు దిగుతోంది. ముఖానికి బిగించి ఊపిరికి తోడ్పడే బైపాప్ యంత్రం, నీరు దించే ఫ్రూసెమైడ్ ఇంజెక్షను, గుండె కండరానికి ఊతమిచ్చే డోబుటమిన్ మందు సన్నని ధారగా, అన్నీ పది నిమిషాల్లో మొదలయ్యాయి. పెద్ద డాక్టరు ఇంటి నుంచి అరగంటలో వచ్చారు. ఆ రాత్రి ఆమె మామూలు గదిలో ఉండి ఉంటే ఈ పది నిమిషాలు ఎంతసేపయ్యేవో ఊహించడానికి కూడా నాకు ఇష్టం లేదు.

తెల్లవారుజామున మూడున్నరకు, అంకెలు కొంచెం కుదుటపడ్డాక, డ్యూటీ డాక్టరు బయటికి వచ్చి బావగారి పక్కనే బెంచీ మీద కూర్చుని, రక్తపరీక్ష కాగితం వెనక్కు తిప్పి గుండె బొమ్మ వేశాడు. ఈ తొమ్మిది రోజుల్లో ఆ ఆసుపత్రి నాకు ఇచ్చిన ఉత్తమమైన సేవ ఆ బొమ్మ. దీని పేరు పెరికార్డియల్ డీకంప్రెషన్ సిండ్రోమ్ అని, ఒత్తిడి ఉన్నట్టుండి తీరినందువల్ల గుండె తడబడడమని, తాను చదివాడే గానీ కళ్ళారా చూడడం ఇదే మొదలని దాపరికం లేకుండా చెప్పాడు.

ఆయన చెప్పినదాన్ని, తరువాత నేను చదివి తెలుసుకున్నదాన్ని కలిపి నా మాటల్లో చెప్తాను. నీటి ఒత్తిడి ఉన్నన్నాళ్ళూ శరీరంలోని రక్తం గుండె వాకిట నిలిచిపోయి ఉంటుంది. మెడ నరాలు ఉబ్బడం, కాళ్ళు వాయడం అందుకే. ఒత్తిడి తీరగానే ఆ రక్తమంతా ఒక్కసారిగా కుడి వైపుకు దూకుతుంది. కుడి జఠరిక ఉబ్బి, రెండు జఠరికల మధ్య గోడను ఎడమ వైపుకు నెట్టి, ఎడమ గది చోటును ఇరుకు చేస్తుంది. మరోవైపు, ఇన్నాళ్ళూ పడిపోతున్న రక్తపోటును నిలబెట్టడానికి శరీరం చేతులు, కాళ్ళ రక్తనాళాలను బిగించి పెట్టుకుని ఉంది. ఆ బిగింపు నీరు తీసిన నిమిషంలోనే సడలదు. దాంతో ఎడమ జఠరిక ఒక పక్క వరదలా వచ్చే రక్తాన్ని పట్టుకోవాలి, మరో పక్క బిగిసిన నాళాల్లోకి దాన్ని తోయాలి. గేట్లు ఎత్తిన చెరువు నీరు పూడిక తీయని కాలవలోకి ఎట్లా పోతుందో, ఇదీ అట్లాగే పోయి వెనక్కు పొంగుతుంది. ఆ పొంగు చేరేది ఊపిరితిత్తులకు.

ఇది ఒక వివరణ. మరో రెండు కూడా ఉన్నాయి, వైద్యులు వాటిలో ఒకదాన్ని ఎంచి మిగతావి కాదనడం లేదు. సంచి నొక్కిన రోజుల్లో గుండె కండరానికి రక్తం అందించే నాళాల్లో ప్రవాహం తగ్గి, కండరం మొద్దుబారి ఉండవచ్చు. పని పెరిగినప్పుడే ఆ మొద్దుతనం బయటపడుతుంది. అదీకాక, ఆపదలో ఉన్న శరీరం అడ్రినలిన్ వంటి రసాయనాలను విడుదల చేసి గుండెను కొరడా దెబ్బలతో పరిగెత్తిస్తూ ఉంటుంది. ఆపద తొలగగానే ఆ కొరడా ఆగి, గుండె అసలు బలహీనత కనబడవచ్చు. మూడు దారుల్లోనూ నాకు తోచిన సామాన్యాంశం ఒకటే: నీరు గుండెను ఎంతకాలం, ఎంత గట్టిగా నొక్కి ఉంచితే, విడిచిన తరువాత అది అంత ఎక్కువగా తడబడే అవకాశం ఉంది.

దీనిని మొదటిసారి 1983లో ఒక వైద్య పత్రికలో, టాంపొనేడ్‌కు నీరు తీసిన తరువాత ఊపిరితిత్తుల్లో నీరు చేరిన సంఘటనగా వర్ణించారు. ఇప్పుడు వాడుకలో ఉన్న పేరు 2010లో వచ్చింది. 2015లో ప్రచురితమైన ఒక పరిశీలన అప్పటివరకు వైద్య సాహిత్యంలో నమోదైన 35 మంది వివరాలను కలిపి చూసి, వారిలో సుమారు 29 శాతం మంది మరణించారని లెక్కకట్టింది. ఈ అంకెను చూసి నేను ఒక రాత్రి నిద్రపోలేదు. తరువాత ఆలోచిస్తే, పత్రికలకు ఎక్కేవి ఎప్పుడూ తీవ్రమైన సంఘటనలే కనుక, స్వల్పంగా వచ్చి తగ్గిపోయినవి ఆ 35లో చేరి ఉండవన్నది స్పష్టమైంది. మొత్తం మీద ఇది అరుదైన ఇబ్బందే. కొందరికి నీరు తీస్తుండగానే వస్తుంది, మరికొందరికి 48 గంటల లోపు ఎప్పుడైనా రావచ్చు. ఆ నర్సు అడిగిన రెండు రాత్రుల లెక్క ఇదే.

ఇప్పుడు మా బావగారు అడిగిన ప్రశ్న. 1,050 మిల్లీలీటర్లు ఒకే విడతలో తీయడం తప్పా? యూరోపియన్ గుండె వైద్యుల సంఘం 2004లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, ఎక్కువ నీరున్నప్పుడు ఒక్కో విడతకు లీటరు లోపే తీయడం మంచిదని, లేకుంటే కుడి జఠరిక అకస్మాత్తుగా ఉబ్బే ప్రమాదముందని ఉంది. మా అక్కయ్యకు తీసినది ఆ హద్దును కొద్దిగా దాటింది. అయితే అంతకంటే చాలా తక్కువ తీసినప్పుడు కూడా ఈ స్థితి వచ్చిన దాఖలాలున్నాయి. కాబట్టి ఆ యాభై మిల్లీలీటర్ల వల్లే ఇది జరిగిందని నేను అనలేను. కానీ భౌతికశాస్త్రం చెప్పేవాడిగా ఒక మాట అనగలను: మొదటి వంద మిల్లీలీటర్లకే ఒత్తిడి దిగి, రక్తపోటు లేచి, రోగి తల వాల్చి పడుకోగలిగినప్పుడు, మిగతా నీటిని గొట్టం ద్వారా కొన్ని గంటలపాటు మెల్లగా దింపుకోవడానికి అవకాశం ఉంది. గొట్టం ఎలాగూ ఉంచారు కదా! పెద్ద డాక్టరును మరునాడు ఇదే అడిగాను. ఆయన చికాకుపడలేదు. నీరు చిక్కగా ఉంటే గొట్టం మూసుకుపోతుందని, అందుకే తేలికగా వస్తున్నప్పుడు తీసేశామని, అయినా ఇకమీదట ఇంత పెద్ద నీటిని విడతలుగా తీస్తామని చెప్పారు. ఆ జవాబు నాకు గౌరవంగా తోచింది.

నా ఫిర్యాదు నీరు తీసిన తీరు మీద కాదు, ముందుగా చెప్పకపోవడం మీద. ఒక్క మాట ముందే తెలిసి ఉంటే, నేను గది మార్చమని అడిగేవాణ్ణి కాదు. బావగారు ఆ రాత్రి రెండు గంటలపాటు, భార్య చచ్చిపోతోందని మాత్రమే గాక, తమను మోసం చేశారని కూడా నమ్ముతూ గడిపేవారు కాదు. మేనల్లుడు ఊరి నుంచి మనుషులను పిలిపించడానికి ఫోను తీసేవాడు కాదు. అతని చేతిలోంచి ఫోను నేను లాక్కోవలసి వచ్చింది. ఆసుపత్రుల్లో గొడవలు జరిగినప్పుడు వైద్యులకు భద్రత లేదని బాధపడతాము, అది న్యాయమైన బాధ. తెలియని చోట అనుమానం ఎంత తొందరగా మొలుస్తుందో మాత్రం ఆ బెంచీ మీద చూశాను. దానిని ఆపింది కాపలాదారు కాదు, రక్తపరీక్ష కాగితం వెనక గీసిన బొమ్మ.

కోలుకోవడం నిదానంగా జరిగింది. బైపాప్ రెండో రోజు సాయంత్రానికి తీశారు. డోబుటమిన్ మూడో రోజు తగ్గిస్తూ వచ్చి ఆపేశారు. నాలుగో రోజు ఎకోలో గుండె తోపు 40 శాతానికి వచ్చింది. ఈ దశ దాటినవారిలో గుండె చాలావరకు కొద్ది రోజుల నుంచి కొన్ని వారాల్లో తేరుకుంటుందని డాక్టరు చెప్పిన మాట నిజమైంది. గొట్టం నుంచి వచ్చే ద్రవం రోజుకు 25 మిల్లీలీటర్ల కిందికి దిగాక, ఆరో రోజున గొట్టం తీశారు. ఐసీయూలో పూటకు ఒక్కరినే, పది నిమిషాలే చూడనిస్తారు. ఆ నియమం కఠినమైనదే అయినా అందరికీ ఒకే తీరుగా పాటించారు. బయట వేచి ఉండేవారికి కుర్చీలు చాలవు, రాత్రిళ్ళు మెట్ల మీద పడుకోవలసిందే. మందుల దుకాణం రాత్రంతా తెరిచి ఉంటుంది. బిల్లు మొత్తం 1,86,000 రూపాయలయింది. అంశాలవారీగా అడిగితే ఇచ్చారు, రెండుసార్లు వేసిన ఒక ఎకో రుసుమును చూపిస్తే వెంటనే తీసేశారు. మా స్తోమతకు అది పెద్ద మొత్తం. అయినా జరిగిన పనికి మించి వేశారని అనలేను.

నీరు ఎందుకు చేరిందన్న ప్రశ్నను కూడా ఆసుపత్రి గాలికి వదలలేదు. గుండె చుట్టూ నీరు చేరడానికి వైరస్, క్యాన్సరు, కిడ్నీల వైఫల్యం, థైరాయిడ్ తగ్గడం వంటి ఎన్నో కారణాలుంటాయి. మన దేశంలో క్షయను ముందుగా అనుమానించాలి. ద్రవంలో ఏడీఏ అనే ఎంజైము 40 దాటితే ఆ అనుమానం బలపడుతుంది. మా అక్కయ్యకు 78 ఉంది. మందులు మొదలుపెట్టి, ప్రభుత్వ క్షయ నివారణ కార్యక్రమంలో పేరు నమోదు చేయించారు. ఆరు నెలల మందులు అక్కడి నుంచి ఉచితంగా వస్తున్నాయి, పోషకాహారానికి నెలకు వెయ్యి రూపాయలు ఖాతాలో పడే ఏర్పాటు కూడా ఉంది. ప్రైవేటు ఆసుపత్రి ఈ నమోదును తనంతట తానే చేయడం మెచ్చుకోదగినది. డిశ్చార్జి కాగితంలో మాత్రం ఒక లోటుంది. క్షయ వల్ల నీరు చేరినవారిలో కొందరికి తరువాతి నెలల్లో ఆ సంచే గట్టిపడి గుండెను బిగిస్తుంది. మళ్ళీ కాళ్ళు వాస్తే, పొట్ట ఉబ్బితే ఆలస్యం చేయకుండా రావాలని నోటితో చెప్పారు గానీ రాయలేదు. పల్లెలో ఆ కాగితం చూసే ఇంకో వైద్యుడికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? నేను అడిగి, చేతితో రాయించుకున్నాను.

ఇటువంటి చికిత్సకు ఎవరినైనా తీసుకువెళ్ళేవారు ఆసుపత్రిని ఎంచుకునేటప్పుడు నీరు తీసే డాక్టరు పేరు ఒక్కటే కాక, రాత్రి రెండు గంటలకు పడక దగ్గరికి ఎకో యంత్రం వస్తుందా, ఐసీయూలో ఒక్కో నర్సు ఎంతమందిని చూస్తున్నారు, నీరు తీశాక ఎన్ని గంటలు మానిటర్ మీద ఉంచుతారు అని అడగండి. గుండె అంతకుముందే బలహీనంగా ఉన్నవారి విషయంలో ఈ ప్రశ్నలు ఇంకా ముఖ్యం. రోగి తేలికపడినట్టు కనిపించగానే గది మార్చమని, ఇంటికి పంపమని ఒత్తిడి చేయకండి. ఈ లెక్కన చూస్తే, అత్యవసర విభాగానికి, ఐసీయూ నర్సులకు నేను పూర్తి మార్కులు వేస్తాను. నీరు తీసిన బృందానికి దాదాపు అంతే. రోగి తరఫువారికి ముందుగా వివరించడంలో మాత్రం సగం మార్కులు కూడా వేయలేను. మళ్ళీ ఇదే అవసరం వస్తే మా వాళ్ళను అక్కడికే తీసుకువెళ్తాను.

డిశ్చార్జి రోజున ఆసుపత్రి నిర్వాహకులకు ఒక లేఖ ఇచ్చాను. అంగీకార పత్రాన్ని తెలుగులో అచ్చువేయించమని, అందులో ఈ వాక్యాన్ని చేర్చమని కోరాను: "నీరు తీయగానే రోగికి ఉపశమనం కలుగుతుంది, అయినా తరువాతి రెండు రోజుల్లో గుండె తాత్కాలికంగా బలహీనపడి ఊపిరి ఆడకపోయే అవకాశం అరుదుగా ఉంటుంది కనుక, రోగిని 48 గంటలు ఐసీయూలోనే ఉంచుతాము." మూడు వారాల తరువాత అక్కయ్యను ఎకోకు తీసుకువెళ్ళినప్పుడు ఆమె మెట్లు తనంతట తానే ఎక్కింది. గుండె తోపు 55 శాతం, సంచిలో నీరు లేదు. నా లేఖ విషయం అడిగితే కమిటీ పరిశీలనలో ఉందన్నారు. పక్క బెంచీ మీద ఇంకో కుటుంబం అదే నాలుగు పేజీల ఇంగ్లీషు పత్రాన్ని చేతిలో పట్టుకుని, ఎక్కడ సంతకం పెట్టాలో వెతుక్కుంటోంది. వాళ్ళ పక్కన కూర్చుని, నాకు తెలిసినంత వరకు చదివి చెప్పి వచ్చాను.